మనవులు చదివేవాడు

పులుపు.

నాలుక మీద పులుపు. పళ్ళ మొదట్లో పులుపు. చెవుల వెనక దాకా పాకే పులుపు...

బఠాణీ గింజంత పచ్చి ద్రాక్ష. కొరికితే లోపల రసం లేదు. ఓ లేత విత్తు, కాసిని నీళ్ళు, అంతే. నేను పక్కకు తిరిగి ఉమ్మేశాను. రాచెల్ ఉమ్మలేదు. చున్నీ అంచుతో తుడిచి నోట్లో వేసుకున్న గింజని మొహం చిట్లించకుండా నమిలి మింగింది.

ఎండ కాస్తోంది. కొండవాలు పొడుగునా తీగల వరసలు. వరసకీ వరసకీ మధ్య కత్తిరించిన గడ్డి. గడ్డి కింద సుద్దముక్కలా తెల్లటి నేల. తీగల నిండా గుత్తులు — బోలెడన్ని గుత్తులు. అన్నీ పచ్చివే.

వరస మొదట్లో ఓ చెక్క బోర్డు ఉంది. రాచెల్ వంగి చదివింది.

"కోత సెప్టెంబరు ఆఖర్లోనంటండీ," అంది.

మేం వెళ్ళింది జూలై ఆఖరి గురువారం.

నవ్వొచ్చే సంగతే. ఇంకొకప్పుడైతే ఇద్దరం నవ్వేవాళ్ళం. వ్యవసాయ కాలేజీ ఉన్న ఊళ్ళో పుట్టి ద్రాక్ష ఎప్పుడు పండుతుందో తెలియదా అని ఏడాది పాటు దెప్పేది. ఇప్పుడు బోర్డు చదివి, నిటారుగా నిలబడి, కొండ కింద ఊరి వైపు చూసింది.

ఎండాకాలం అంటే ద్రాక్ష. నాకు తెలిసింది అదే. మా బాపట్లలో ఈస్టరు ముందు మట్టల ఆదివారం నాటికి స్టేషను బయట నల్లద్రాక్ష బళ్ళు బారులు తీరేవి. ఎండ ముదిరేకొద్దీ ద్రాక్ష తీపెక్కేది. ఇక్కడా ఎండాకాలం వచ్చింది కదా అనుకున్నాను. ఎండాకాలం ఎక్కడైనా ఒకటే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

అడగకుండా అనుకోవడం నాకు పాత జబ్బు.

నార్తాంప్టన్ నుంచి రెండున్నర గంటలు. కెంట్‌లో హార్ల్‌డెన్ అనే చిన్న ఊరు. చుట్టూ ద్రాక్షతోటలు, ఊరంతా వైన్ షాపులు. మేం వైన్ తాగం. మా ఇళ్ళలో ఎవరూ తాగరు. మేం వెళ్ళింది పళ్ళ కోసం — ప్రభువు బల్లకి, చర్చిలో అందరం కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకి.

మాది ఓ చిన్న తెలుగు ఫెలోషిప్. స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటాం. నర్సులు, కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళ పిల్లలు. నెల మొదటి ఆదివారం బల్ల. బల్లకి కావాల్సిన ద్రాక్షరసం చేసేది రాచెల్. శనివారం సాయంత్రం నల్లద్రాక్ష కడిగి, తొడిమలు తీసి, కాసిని నీళ్ళలో ఉడికించి, చల్లారాక పల్చటి గుడ్డలో వడకడుతుంది. పంచదార వెయ్యదు. ఊదారంగు వేళ్ళకి పట్టుకుని సోమవారం దాకా వదలదు. ఏమిటిదని వార్డులో పేషంట్లు అడుగుతారట.

ఆ రసం అందరూ తాగుతారు.

రాచెల్ తాగదు.

చిన్న చిన్న గ్లాసుల ట్రే వరసలోకి వస్తుంది. ఈ చేత్తో అందుకుని ఆ చేత్తో పక్కవాళ్ళకి ఇచ్చేస్తుంది. నవంబరు నుంచి ప్రతి నెలా అంతే. మాలో ఎవరైనా బల్ల తీసుకోలేదంటే మనసులో ఎవరి మీదో కోపం ఉందన్నమాట. కోపం పెట్టుకుని తీసుకోకూడదు. ఎవరి మీద కోపమో హాల్లో అందరికీ తెలుసు. ఆమె ట్రే ఇచ్చేది నాకే. పక్కన కూర్చునేది నేనే.

నేను తీసుకుంటాను. తాగుతాను. నాకు ఎవరి మీదా కోపం లేదు కదా... అదీ నా ధైర్యం.

*

రాచెల్ ఒకప్పుడు అన్నీ చెప్పేది.

డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా, వంటింటి గుమ్మానికి ఆనుకుని చెప్పేది. పన్నెండో బెడ్ తాతగారు టీ నచ్చలేదని అలిగిన సంగతి. సిస్టర్ హాసిని డ్యూటీల రోటా కోసం మేనేజరుతో పడ్డ గొడవ. నా చెయ్యి కూరగాయల మీద, చెవి ఆమె మీద. కూర మాడేది కూడా.

ఇప్పుడు...

డ్యూటీ ఎలా ఉంది అంటే బావుంది అంటుంది. తిన్నావా అంటే తిన్నాను. అలిసిపోయావా అంటే లేదు. అబద్ధాలు కావు. కానీ అవి నాకు చెప్పినవీ కావు. బస్సులో పక్క సీటు వాళ్ళకైనా అలాగే చెప్పొచ్చు.

అందుకే ఈ ప్రయాణం. పళ్ళు ఒట్టి సాకు. ద్రాక్ష సూపర్‌మార్కెట్లో దొరకదా ఏమిటి. నా రోటా, ఆమె రోటా కలిసి ఇద్దరికీ ఒకే రోజు సెలవు రావడమే గగనం. వచ్చింది. తోటకి వెళ్ళి మనమే కోసుకుందామా అన్నాను. సరే అంది. తొమ్మిది నెలల్లో నేనడిగినదానికి ఆలోచించకుండా సరే అనడం అదే మొదలు. ఆ రెండు అక్షరాలు పట్టుకుని వారమంతా బతికాను.

ఆమె నన్ను క్షమించాలని కూడా కాదు. క్షమాపణ పెద్ద మాట. నాకు ఆమె ఏదో ఒకటి చెప్పాలి. తనంతట తాను. చిన్నదైనా సరే, పనికిమాలినదైనా సరే...

ఒక్క మాట.

*

నేనేం చేశానో చెప్పాలి.

కిందటి అక్టోబరు. శనివారం పొద్దున. రాచెల్ బాత్రూంలోంచి వచ్చి తడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళైన ఆరేళ్ళకి. ఎవరికీ చెప్పొద్దంది. స్కాన్ అయ్యేదాకా అమ్మకి కూడా వద్దంది. వార్డులో చాలా చూశాను, నాకు భయం అంది.

తల ఊపాను. నిజంగానే ఊపాను. మూడు రోజులు ఆగాను కూడా.

ఫెలోషిప్‌లో ప్రార్థన మనవులు చదివేది నేను. ఎవరికి వీసా రావాలి, ఎవరి అత్తగారికి మోకాలి ఆపరేషన్, ఎవరి పిల్లాడికి ఇంకా మాటలు రాలేదు... వారమంతా వాట్సాప్ గ్రూపులో వచ్చినవన్నీ రాసుకుని ఆదివారం నిలబడి చదువుతాను. గొంతు బావుంటుందని ఫెలోషిప్ నడిపే షాలేమ్ అన్న నాకు అప్పజెప్పాడు. ఆ పని అంటే నాకు గర్వం. అందరి గుట్లూ నా దగ్గరికి వస్తాయి కదా. నేను చదివితే అందరూ తల వంచుతారు కదా.

మంగళవారం మధ్యాహ్నం నేనే ఒకటి రాశాను.

మా ఇంట్లో దేవుడు గొప్ప కార్యం చేశాడు. రాచెల్‌కి ఏడో వారం. దయచేసి ఎవరికీ చెప్పవద్దు, ప్రార్థనలో పెట్టండి.

అరవై మూడు మంది ఉన్న గ్రూపులో రాశాను... ఎవరికీ చెప్పవద్దని.

టైపు చేస్తుంటే తప్పనిపించలేదు. ఇప్పటికీ ఆశ్చర్యం అదే. ప్రార్థనకి ఇవ్వడం చెప్పడం కిందికి రాదనుకున్నాను. మా అమ్మ అలాగే అనుకునేది, మా వీధంతా అలాగే అనుకునేది. పక్కింటి విషయం గోడ మీంచి చెబితే చాడీ. అదే విషయం మోకాళ్ళ మీద చెబితే ప్రార్థన భారం. నేను అందులోనే పెరిగాను. అదీగాక — సంతోషం. కడుపులో పట్టలేదు. భయం కూడా పట్టలేదు. అరవై మూడు మంది అడిగితే దేవుడు కాదనడనుకున్నాను.

రాత్రి భోజనాలయ్యేలోపు హైదరాబాదులో ఎవరికో తెలిసింది. వాళ్ళ ద్వారా ఒంగోలులో రాచెల్ అమ్మకి తెలిసింది. నాకు చెప్పలేదేమే అని కూతురికి ఫోను చేసింది.

రాచెల్ నన్ను తిట్టలేదు.

"చెప్పేశారా," అంది.

అంతే.

నవంబరు మొదట్లో, పదో వారంలో, పోయింది.

పోయాక మొదలైంది అసలుది. అరవై మూడు మందికి తెలిసిన మాట అరవై మూడు మంది దగ్గర వెనక్కి తీసుకోవాలి. నేను గ్రూపులో రాశాను — ఓదార్పు కోసం ప్రార్థించండి అని. మళ్ళీ అదే గ్రూపులో, మళ్ళీ నేనే. అందరూ చదవలేదు. చదివినవాళ్ళు చదవనివాళ్ళకి చెప్పలేదు. సూపర్‌మార్కెట్లో ఎదురైన ఆంటీలు ఎన్నో నెలమ్మా అని అడిగారు. కార్ పార్కులో అడిగారు. హాల్లో కుర్చీలు సర్దుతూ అడిగారు. లేదాంటీ, పోయింది ఆంటీ... ప్రతిసారీ తనే చెప్పింది. చెప్పి, వాళ్ళు ఏడిస్తే వాళ్ళనే ఓదార్చింది.

ఫిబ్రవరిలో మా ఫెలోషిప్ రోజమ్మ ఆంటీ వచ్చింది. ఆర్నెల్లు ఇండియాలో ఉండి అప్పుడే దిగింది. సంచీలోంచి పసుపు ఊలు స్వెటర్ తీసింది. ఇంత చిన్నది. మచిలీపట్నంలో మంచం మీద కూర్చుని తన చేత్తో అల్లిందట.

"పిల్లో పిల్లాడో తెలీదని పసుపేశానమ్మా," అంది.

రాచెల్ స్వెటర్ అందుకుంది. చాలా బావుందాంటీ అంది. టీ పెట్టింది, బిస్కెట్లు ప్లేటులో పేర్చింది. ఆంటీకి చెప్పలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది కూడా. లోపలికి వచ్చాక స్వెటర్ మడిచి నా చేతిలో పెట్టింది.

"ఈవిడకి మీరు చెప్పండి," అంది.

నేను చెప్పాను. ఫోనులో. నాలుగు మాటలు చెప్పడానికి నాకు గంట పట్టింది. రాచెల్ అప్పటికే నలభై సార్లు చెప్పి ఉంటుంది.

*

పళ్ళు లేవని తేలాక కొండ దిగి ఊళ్ళోకి నడిచాం.

అందమైన ఊరు. నాకేమీ నచ్చలేదు. చెకుముకి రాళ్ళు పొదిగిన గోడలు, కిటికీల కింద పూలకుండీలు, పబ్బు బయట బెంచీల మీద మధ్యాహ్నమే గ్లాసులు పట్టుకుని కూర్చున్న జంటలు. ఎండకి వాళ్ళ భుజాలు ఎర్రబడ్డాయి. ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతున్నారు. ఒకరి ప్లేట్లోంచి ఒకరు తింటున్నారు. ఒకరికొకరు ఎన్ని చెప్పుకుంటున్నారో... చూసుకుంటూ నడిచాను. నాకు అసూయ కలిగింది. ఒప్పుకుంటున్నాను.

ఆకాశం ఓ పక్క నల్లబడింది. వర్షం రాలేదు. మబ్బు పోనూ లేదు.

రాచెల్ నెమ్మదిగా నడుస్తోంది. పొద్దున వచ్చే దారిలో కారు రెండుసార్లు ఆపించింది, హైవే పక్క సర్వీసెస్‌లో. ప్రయాణం పడలేదేమో అనుకున్నాను. అనుకున్నాను, మళ్ళీ అడగలేదు.

చర్చి వెనక నీడలో బెంచీ మీద టిఫిను డబ్బా విప్పాం. చింతపండు అన్నం, ఉడికించిన గుడ్లు. పొద్దున్నే తనే చేసింది. నాకు పెట్టి తను పెట్టుకుంది. గుడ్డు ముట్టుకోలేదు. చింతపండు అన్నం మాత్రం రెండోసారి పెట్టుకుంది. ఆకలిగా తింటోంది. ఆ తినడం చూస్తే నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

ఎదురుగా సమాధి రాళ్ళు. పేర్లు చెరిగిపోయినవి కొన్ని, పక్కకి ఒరిగినవి కొన్ని. ఓ పావురం గడ్డిలో అటూ ఇటూ నడుస్తోంది. గాలి లేదు. మాట లేదు. మామూలు మౌనమే... కానీ ఇంటి దగ్గరుండే మౌనం కాదు. తలుపు వేసిన మౌనం కాదు. ఓరగా తెరిచి ఉన్నట్టు అనిపించింది.

రాచెల్ డబ్బా మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"ఈ ఆదివారం మనవులు చదివేది మీరేనా?" అంది.

తొమ్మిది నెలల తర్వాత నా సంగతి ఒకటి అడిగింది. సంతోషం పట్టలేకపోయాను.

"నేనే. నేను కాకపోతే ఎవరు చదువుతారు? ఇప్పటికే పదకొండు వచ్చాయి తెలుసా," అన్నాను. ఫోను తీసి చూపించబోయాను కూడా. "ఎందుకు?"

"ఊరికే," అంది.

డబ్బా సంచీలో పెట్టేసింది. పావురం ఎగిరిపోయింది. ఆమె చెయ్యి ఒళ్ళో పడి ఉంది, నేను పట్టుకుంటే పట్టుకోవచ్చు. ఆ పదకొండు మనవుల గురించి ఇంకాసేపు చెప్పాను.

*

వెనక్కి వెళ్ళే దారిలో దాహం వేస్తోందంది. తోటవాళ్ళ షాపు ఉంది, పాత ధాన్యపు కొట్టంలో. లోపల చల్లగా, చీకటిగా, చెక్క వాసనగా ఉంది. కౌంటర్ వెనక అరవయ్యేళ్ళ ఆవిడ గ్లాసులు తుడుస్తోంది. రుచి చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ బుడ్డి గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి ఇస్తోంది. రాచెల్‌ని అక్కడ కూర్చోబెట్టి నేను బయటికి వెళ్ళాను. పార్కింగ్ టైము అయిపోవస్తోంది.

తిరిగి పెరటి తలుపులోంచి వచ్చాను. తలుపుకీ కౌంటరుకీ మధ్య అట్టపెట్టెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వాటి వెనక నేనున్నట్టు వాళ్ళకి కనబడదు. కావాలని దాక్కోలేదు. రెండు అడుగులు వేస్తే బయటపడేవాణ్ణి.

ఒక్క గుక్కేనమ్మా, మా తోటది రుచి చూడకుండా ఎవరినీ పంపను — అంటోంది ఆవిడ ఇంగ్లిషులో.

మేం తాగం, మా చర్చిలో ఒప్పుకోరు. ఆ జవాబు మా ఇద్దరికీ కంఠతా వచ్చు. పెళ్ళిళ్ళలో, ఆఫీసు పార్టీల్లో ఎన్నిసార్లు చెప్పామో. అదే చెబుతుందనుకుని నిలబడ్డాను.

"నాకు పదకొండో వారం," అంది రాచెల్. ఇంగ్లిషులో. స్పష్టంగా.

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. ఓ, లవ్... అంది ఆవిడ. ఇక్కడ ఆ వయసువాళ్ళు ఎవరినైనా అలాగే పిలుస్తారు. మీ ఆయన ఎగిరి గంతేస్తుండాలి అంది.

"ఆయనకింకా తెలియదు. వచ్చే గురువారం స్కాన్. అది బాగుంటే చెప్తాను."

ఆవిడ గొంతు తగ్గించింది. ఆయన నిన్ను బాగానే చూసుకుంటాడు కదా, ఏమీ భయం లేదు కదా అని అడిగింది.

రాచెల్ నవ్వింది.

ఆ నవ్వు నేను విని తొమ్మిది నెలలైంది. అట్టపెట్టెల వెనక నిలబడి విన్నాను.

"అయ్యో, అలాంటిదేం లేదు. మంచివాడు. చాలా మంచివాడు," అంది. "ఆయనకి చెబితే అందరికీ చెప్పినట్టే. అంతే."

నేను వచ్చిన తలుపులోంచే బయటికి వెళ్ళిపోయాను.

*

ముందు సంతోషమే కలిగింది. అబద్ధం చెప్పను. గుండె నిండా, ఒళ్ళంతా సంతోషం. పెరట్లో ఎండలో నిలబడి నవ్వుతున్నానేమో కూడా. చెయ్యి దానంతటదే జేబులోకి, ఫోను మీదికి వెళ్ళింది...

నిజంగానే వెళ్ళింది.

అప్పుడు తెలిసింది, ఆమె సరిగ్గానే చెప్పిందని.

పదకొండో వారం. లెక్క వేసుకున్నాను. జూన్ నెలంతా, జూలై అంతా. నైట్ డ్యూటీలు ఎవరితోనో మార్చుకోవడం. ఉల్లిపాయలు వేగుతుంటే కిటికీ తెరిచి నిలబడటం. క్యాంటీన్ తిండి పడలేదండీ అనడం. నేను అవన్నీ నా మీద కోపం అనుకున్నాను. ఆమె ముఖంలో ఏం కనబడినా నా గురించే అనుకున్నాను.

పదో వారం... ఆ వారం ఎలా గడిపిందో. బాత్రూంకి వెళ్ళిన ప్రతిసారీ ఏం చూస్తానో అని భయపడి ఉంటుంది. ఆ ఏడు రోజులూ నా పక్కనే పడుకుంది. నా కంచంలో అన్నం వడ్డించింది. నా చొక్కాలు మడత పెట్టింది. ఒక్కతే దాటింది.

బెంచీ మీద అడిగిన మాట గుర్తొచ్చింది. చదివేది మీరేనా. కాదు, మానేశాను రాచెల్, నాకొద్దనిపించింది — ఇంతే అనాల్సింది. ఇంతే అని ఉంటే... ఏమో. నేను పదకొండు మనవులు వచ్చాయన్నాను.

గట్టిగా అడుగులు వేసుకుంటూ, దగ్గుకుంటూ, ముందు తలుపులోంచి లోపలికి వచ్చాను. ఏమీ విననివాడిలా రావడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

"వచ్చారా," అంది రాచెల్.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. కోపంగా కాదు. జాలి కూడా కాదు. వార్డులో కొత్తగా చేరిన పేషంటుని చూసే చూపు. కౌంటర్ కిందనుంచి ఓ సీసా తీసి రాచెల్ చేతిలో పెట్టింది. కిందటేడు పళ్ళ రసమట, వైన్ కాదట. డబ్బులు వద్దంది.

బయటికి వచ్చాక ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడాను.

"పోనీలే, బల్లకి దొరికింది."

"బల్లకి వేరే కొందాం," అంది రాచెల్. సీసా సంచీలో పెట్టుకుంది. "ఇది నాకిచ్చింది. నేను తాగుతాను."

సరే అన్నాను. ఎందుకని అడగలేదు. ఈసారి అడగకపోవడం అలవాటు కొద్దీ కాదు.

*

కారు పార్కింగ్‌లో, పొలం గట్టున చెట్టు నీడలో ఉంది. మబ్బు ఊరంతా కమ్ముకుంది. ఇంకా ఒక్క చినుకు లేదు. తలుపులు వేసుకుని కూర్చున్నాం. ఫోను డాష్‌బోర్డ్ మీద పెట్టాను, దారి చూపించడానికి. పెట్టగానే మోగింది. షాలేమ్ అన్న. పెద్ద అక్షరాలు ఇద్దరికీ కనబడుతున్నాయి.

తమ్ముడూ, ఆదివారానికి మనవులు రెడీనా? మీ ఇంటి మనవి ఏమైనా ఉందా?

రాచెల్ కిటికీలోంచి బయటికి చూసింది.

లేదని రాస్తే అబద్ధం. ఉందని రాస్తే... చేతులు స్టీరింగ్ మీదే ఉంచాను. కొంతసేపటికి స్క్రీను దానంతటదే ఆరిపోయింది.

మనవులు చదవడం మానేస్తానని ఆమెకి చెప్పొచ్చు. ఇప్పుడే చెప్పొచ్చు. ఉన్నట్టుండి ఎందుకంటే ఏం చెప్పను? విన్నానని చెబితే, ఆమె అపరిచితురాలికి ఇచ్చి దాచుకున్నది కూడా నేను తీసుకున్నట్టే. స్కాన్ దాకా ఇంకా ఏడు రోజులు. ఏడు రోజులు తెలియనివాడిలా ఉండాలి. అలసిపోయావా అని అడగాలి, లేదంటే నమ్మాలి. బరువు ఎత్తబోతుంటే పరిగెత్తకూడదు. ఎవరికీ చెప్పకుండా ఉండటం ఆమె ఒకప్పుడు నన్నడిగిన ఒకే ఒక్క పని. ఇప్పుడు ఆమె అడగకుండానే చెయ్యాలి. చేశానని ఆమెకి కూడా తెలియకుండా చెయ్యాలి.

దూరప్రయాణానికి బండి తీసేముందు ప్రార్థన చెయ్యడం మా ఇద్దరి ఇళ్ళలోనూ ఉంది. చేసేది నేను. బిగ్గరగా, పొడుగ్గా, అందరి పేర్లూ వచ్చేలా. మీ ఆమెన్ వచ్చేలోపు ఊరు చేరిపోతామని పెళ్ళైన కొత్తల్లో వెక్కిరించేది.

రాచెల్ చున్నీ తల మీదికి లాక్కుంది. కళ్ళు మూసుకుంది.

"చెయ్యండి," అంది.

"ప్రేమగల తండ్రీ..." అన్నాను.

తర్వాతి మాట రాలేదు.

మా ఇద్దరినీ క్షేమంగా ఇల్లు చేర్చు. ఎప్పుడూ అనే మాట అది. ఇన్నేళ్ళుగా నోటికి అలవాటైన మాట. 'ఇద్దరినీ' అనడానికి నోరు రావడం లేదు. ఇంకోలా అనడానికి నాకు హక్కు లేదు. గొంతులో ఒకే ఒక్క మనవి ఉంది... నా బతుకులో అంత పెద్ద మనవి ఇంకొకటి లేదు. అది పైకి అంటే ఆమెకి వినబడుతుంది.

"ఏమైందండీ?" కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఏం లేదు," అన్నాను. "మనసులో చేసుకుంటున్నా."

రాచెల్ కళ్ళు తెరిచింది.

నేను మనసులో ప్రార్థన చేసుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. నేనూ ఎప్పుడూ చెయ్యలేదు. నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. నా ముఖంలో ఏం కనబడిందో నాకు తెలియదు. పెదవి కదిలింది. ఏదో అడగబోయింది. అడగలేదు.

మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆమెన్ ముందు నేననాలి. నేనన్నాకే ఆమె అంటుంది. మా ఇంట్లో ఎప్పుడూ అలాగే.

నేను ఇంకా అనలేదు.

ఆమె తల వంచుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుచూస్తోంది.